వన్స్ మోర్ లేని పాట
(బొగ్గు గనుల జైపూర్‌లో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)

 

ఎవరి యాదిలో ఈ సభ పెట్టుకున్నామో ఆయన అసలు పేరు మస్టర్‌లో తప్ప ఎక్కడా వినబడేది కాదు. ఇందారం నుంచి చెన్నూరు దాకా ఆయన హార్మోనియం సారే. బొగ్గు బాయిలో పంపు దగ్గర ఒక డ్యూటీ, బయట హార్మోనియం పెట్టె దగ్గర ఇంకో డ్యూటీ. పద్యానికీ పద్యానికీ నడుమ దగ్గేవాడు. ఆ దగ్గు కూడా తాళం తప్పకుండా వచ్చేదని ఆర్టిస్టులు నవ్వుకునేవారు. ఇవాళ కూడా ఆయన్ని ఆ పేరుతోనే తలుచుకుందాం.

నాటకం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నాటకం అనగానే మనవాళ్ళు ముందు శోకం మొదలుపెడతారు. సినిమా వచ్చింది, నాటకాన్ని మింగింది, పద్యం పోయింది, రసికులు పోయారు అని. ఆ శోకం సారుకు గిట్టేది కాదు. "మింగితే మనం ఇంకా ఎట్ల ఆడుతున్నం?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న పట్టుకునే ఇవాళ ఒక్క నాటకం గురించి, దాన్ని తీసిన సినిమాల గురించి మాట్లాడతాను. నాటకం శ్రీకృష్ణ తులాభారం. సినిమాల్లో ముఖ్యమైంది 1966లో ఎన్.టి.రామారావు, జమున నటించినది. నేను చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. మన బొగ్గు గనుల దిక్కు సినిమా ముందు వచ్చింది, నాటకం వెనక వచ్చింది. తెనాలిలోనో బందరులోనో నాటకం చూసి పెరిగినవాళ్ళు, అది సినిమాగా మారితే ఏం పోయిందో లెక్క కట్టుకున్నారు. మన పందిళ్ళలో ఆడిన తులాభారం మాత్రం సినిమాను చూసి కట్టుకున్న నాటకం. లెక్క తిరగబడింది. తిరగబడ్డ ఆ లెక్క ఎవరూ సరిగా రాయలేదని నా ఫిర్యాదు.

ముందు నాటకం సంగతి. రాసింది ముత్తరాజు సుబ్బారావు. కథ మీకు తెలిసిందే. కృష్ణుడు తనకొక్కదానికే దక్కాలని సత్యభామ పట్టుదల. నారదుడు వచ్చి వ్రతం చెయ్యమంటాడు. మొగుణ్ణి దానమియ్యి, మళ్ళీ ఆయనెత్తు బంగారం ఇచ్చి విడిపించుకో, ఇక జన్మజన్మలకూ ఆయన నీవాడే అంటాడు. సత్యభామకు బంగారం ఒక లెక్కా! శమంతకమణి పుట్టింటి సొత్తు. దానమిచ్చేస్తుంది. తీరా తక్కెడ వేళకు ఇంట్లో ఉన్న బంగారమంతా పోసినా తక్కెడ కదలదు. నారదుడు కృష్ణుణ్ణి బజారుకెక్కించి బేరం పెడతాడు. ఆఖరికి రుక్మిణి వచ్చి ఒక్క తులసిదళం వేస్తే తక్కెడ తూగుతుంది.

దీన్ని పౌరాణికం అనడం మనకు అలవాటు. పౌరాణికం అంటే పెద్దల ముందు కూర్చుని చూడవచ్చు. అసలు లోపల ఉన్నది ప్రేమకథ, అందులోనూ పెళ్ళైన వాళ్ళ ప్రేమకథ. అలక, బుజ్జగింపు, అనుమానం, ధీమా, పరాభవం అన్నీ ఉన్నాయి. రాక్షసుడు లేడు, యుద్ధం లేదు. పదహారో శతాబ్దంలో నంది తిమ్మన పారిజాతాపహరణం రాసినప్పటి నుంచి తెలుగువాడికి ఈ జంట కలహం అంటే చెవి కోసుకునేంత ఇష్టం. కూచిపూడి వాళ్ళ భామాకలాపం కూడా ఆ ఇష్టంలో నుంచి వచ్చిందే. పాట నిండా, పద్యం నిండా శృంగారం పెట్టుకుని, పైన దేవుడి బొమ్మ వేసుకుని తిరిగిన నాటకం ఇది. సారు మాటల్లో చెప్పాలంటే "భక్తి టికెట్టు మీద సరసం చూపెట్టే ఆట."

ఈ నాటకాన్ని ఊరూరా తెలిసేట్టు చేసింది స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టాడు. తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆడవేషాలకు పెట్టింది పేరు. చింతామణి, మధురవాణి, రోషనార, శకుంతల ఇట్లా ఎన్నో వేషాలు కట్టినా, జనం నాలుక మీద మిగిలింది సత్యభామే. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1971లో పోయాడు. 'నటస్థానం' అని ఆత్మకథ రాశాడు, దొరికితే చదవండి. ఈ నాటకంలో సత్యభామ పాడే మీరజాలగలడా పాట ముత్తరాజు వారి రచనలోది కాదు. స్థానం తన వేషం కోసం తానే కట్టుకున్నది. కృష్ణుడు తన మాట జవదాటడన్న సత్యభామ ధీమా అంతా అందులో పోశాడు. నాటకకర్త రాసిన సత్యకు అంత ధీమా ఉందో లేదో గానీ, ఆ వేషం కట్టిన మనిషికి కావలసి వచ్చింది. తన పాత్రకు ఏం తక్కువైందో నటుడికి తెలిసి, కలం పట్టి ఆ ఖాళీ పూరించుకున్నాడు. నాటకాన్ని అనుసరించి సినిమా తీస్తే "మూలాన్ని మార్చేశారు" అని గింజుకునేవాళ్ళు ఒక్కసారి ఇది ఆలోచించాలి. మూలంలోనే నటుడి చెయ్యి పడ్డది. జనం గుర్తు పెట్టుకున్నది ఆ పడ్డ చెయ్యినే.

ఇక వన్స్ మోర్. పిల్లలకు తెలియదేమో, చెబుతాను. పద్యమో పాటో నచ్చితే జనంలోనుంచి "వన్స్ మోర్" అని కేక లేస్తుంది. నటుడు మళ్ళీ పాడాలి. పాడకపోతే ఆట ముందుకు పోనియ్యరు. కథ సంగతి, పాత్ర సంగతి ఎవరికీ పట్టదు. చచ్చి పడున్న పాత్రధారి లేచి మళ్ళీ పద్యం పాడి మళ్ళీ చచ్చిన సందర్భాలు చెప్పుకుని నవ్వుకుంటాం. దీన్ని పరిషత్తు నాటకాల వాళ్ళు అసహ్యించుకున్నారు, నిషేధించారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ స్థానం గురించి చూసినవాళ్ళు చెప్పిన సంగతి వేరు. మీరజాలగలడాకు వన్స్ మోర్ వచ్చిన ప్రతిసారీ ఆయన అదే పాటను వేరే అభినయంతో పాడేవాడట. ఒకసారి గర్వం, ఒకసారి మురిపెం, ఒకసారి లోలోపల ఏదో బెదురు. మాటలు అవే, మనిషి వేరు. అంటే ఆ పాటకు ఒక నిడివి అంటూ లేదు. ఆ రాత్రి ఆ ఊరి జనం ఎంత అడిగితే అంత.

ఇప్పుడు సినిమాకు వద్దాం. తెలుగు టాకీ పుట్టిందే నాటకం ఒడిలో. 1932లో వచ్చిన మొదటి టాకీ భక్త ప్రహ్లాద, ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా తీసింది. అందులో సురభి కమలాబాయి ఉన్నది. ఆ తర్వాత వరుస కట్టాయి. వరవిక్రయం, కన్యాశుల్కం, చింతామణి అన్నీ నాటకాలే. తులాభారం ఒక్కసారి కాదు, మూడుసార్లు తెరకెక్కింది. 1935లో, 1955లో, 1966లో. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చాలామంది సెట్టింగులను, ట్రిక్కులను పోల్చుతారు. నేను గొంతును, ముఖాన్ని పోల్చమంటాను.

1935 సినిమా కలకత్తాలో తయారైంది. సత్యభామ ఋష్యేంద్రమణి. నాటకాల్లో పాడీ ఆడీ పేరు తెచ్చుకున్న మనిషి, తెర మీద కూడా తన పాట తానే పాడుకుంది. కాంచనమాల, రేలంగి తెరకు పరిచయమైంది ఈ సినిమాతోనే. అప్పటికి మనకు ప్లేబ్యాక్ లేదు. తమాషా ఏమంటే, అదే సంవత్సరం అదే కలకత్తాలో న్యూ థియేటర్స్ వాళ్ళు భాగ్యచక్ర సినిమాలో ఒకరి ముఖానికి ఇంకొకరి గొంతు తగిలించే పద్ధతి మొదలుపెట్టారు. ఒకే ఊళ్ళో పాత పద్ధతి ఇటు, కొత్త పద్ధతి అటు. 1955లో మళ్ళీ తీసినప్పుడు సత్యభామ ఎస్.వరలక్ష్మి, ఆమె కూడా పాడే నటే. కృష్ణుడు ఈలపాట రఘురామయ్య. రంగం మీద స్థానం సత్యభామకు జోడుగా ఏళ్ళ తరబడి కృష్ణుడి వేషం కట్టిన రఘురామయ్యే తెర మీదికీ వచ్చాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. నాటకంలో దూరం నుంచి పెట్రోమాక్స్ వెలుతురులో యాభై ఏళ్ళ కృష్ణుడు కనిపించడు, పాట వినిపిస్తుంది. కెమెరా దగ్గరికి పోతే వయసు కనిపిస్తుంది.

స్థానం సంగతి ఏమైందని మీరు అడగాలి. ఆయన సినిమాలో చేశాడు. 1942లో వై.వి.రావు తీసిన సత్యభామ అనే సినిమాలోనే చేశాడు. అందులో ఆయన కృష్ణుడు! సత్యభామ పుష్పవల్లి. సత్యభామ అంటే స్థానమే అని ఆంధ్రదేశమంతా అనుకుంటున్న రోజుల్లో ఆయన చేత కృష్ణుడి వేషం కట్టించారు. కెమెరాకు మగవాడి చెంప, మగవాడి మెడ దాచలేమని భయపడి ఉంటారు. మన ప్రాణహిత దాటితే మరాఠీ దేశం. అక్కడ బాలగంధర్వ కూడా ఆడవేషాలకే పేరు పొందినవాడు. 1935లో ప్రభాత్ వాళ్ళ ధర్మాత్మలో ఏకనాథుడిగా మగవేషం కట్టి కనిపించాడు. ఆ ఒడ్డున, ఈ ఒడ్డున ఒకటే కథ. రంగం మీద జనం నమ్మడానికి సిద్ధపడి కూర్చుంటారు. కెమెరాకు ఆ సిద్ధపాటు లేదు.

1966కు వచ్చేసరికి గొంతు ఒకచోట, ముఖం ఒకచోట స్థిరపడిపోయాయి. నిర్మాత డి.రామానాయుడు. రాముడు భీముడుతో సురేష్ ప్రొడక్షన్స్ మొదలై అప్పటికి రెండేళ్ళు. దర్శకుడు నర్తనశాల తీసిన కమలాకర కామేశ్వరరావు. కృష్ణుడు రామారావు, రుక్మిణి అంజలీదేవి, నారదుడు కాంతారావు. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు, హార్మోనియం వాయిస్తూనే సినిమాల్లోకి వెళ్ళిన మనిషి. మీరజాలగలడాను పాడింది పి.సుశీల, అభినయించింది జమున. నాటకంలో ఒక్క మగవాడు రాసుకుని, పాడుకుని, అభినయించిన పాటను ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు పంచుకున్నారు. దీని కంటె రెండేళ్ళ ముందు 1964లో అమెరికా వాళ్ళు మై ఫెయిర్ లేడీ నాటకాన్ని సినిమా తీశారు. బ్రాడ్వేలో ఆ వేషం వేసి పాడిన జూలీ ఆండ్రూస్‌ను పక్కన పెట్టి ఆడ్రీ హెప్‌బర్న్‌ను పెట్టుకున్నారు. పాటల్లో చాలా భాగం మార్ని నిక్సన్ చేత పాడించారు. దాని మీద అక్కడ పెద్ద రభస. మన దగ్గర ఎవరూ నోరెత్తలేదు. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అంటే మనకు అప్పటికే అన్నం తిన్నంత మామూలు.

జమున గురించి కొంచెం ఆగి చెప్పాలి. హంపిలో పుట్టి దుగ్గిరాలలో పెరిగింది. చిన్నప్పుడే నాటకాల్లోకి వచ్చింది. మా భూమి నాటకంలో ఆమెను చూసే గరికపాటి రాజారావు 1953లో పుట్టిల్లు సినిమాకు తీసుకున్నాడు. మా భూమి దేని మీద నాటకమో మనకు చెప్పాలా? తెలంగాణ రైతు పోరాటం మీద సుంకర, వాసిరెడ్డి రాసిన నాటకం. దొర మీద తిరగబడ్డ నాటకంలో నిలబడ్డ పిల్లే, తర్వాత ద్వారకలో దేవుడి మీద తిరగబడ్డ సత్యభామ అయింది. 1957లో వినాయక చవితిలో సత్యభామ వేషం కట్టింది. అప్పటి నుంచి ఆ వేషం ఆమె సొత్తు. 2023 జనవరి 27న ఆమె పోయినప్పుడు పేపర్లు సత్యభామ ఇక లేరు అని రాశాయి.

కెమెరా దగ్గరికి పోతే రఘురామయ్య వయసు బయటపడిందన్నానే, జమున దగ్గర అదే కెమెరా వేరే పని చేసింది. నాటకంలో సత్యభామ గర్వాన్ని వెనక బెంచీవాడికి చూపించాలంటే మెడ తిప్పాలి, జడ విసరాలి, నాలుగడుగులు నడవాలి. జమున ఒక్క కనుబొమ్మ ఎత్తితే చాలింది. పాట నడుస్తుండగా ఆమె కింది పెదవి ఒక పక్కకు కొంచెం బిగుస్తుంది. చూడనివాళ్ళు ఈసారి ఆ పెదవినే చూడండి. తన మాట చెల్లుతుందని నోటితో పాడుతూ, చెల్లదేమోనన్న శంక ఆ పెదవి మూలన దాచుకుంది. స్థానం మూడు వన్స్ మోర్లలో విడివిడిగా చూపించాడంటున్నవాటిని ఆమె ఒక్క పాటలో, ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఇది సినిమా మాత్రమే చెయ్యగల పని. అందుకని నేను సినిమాను తిట్టలేను.

పోయింది కూడా ఉంది. గ్రామఫోను రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. సినిమా పాట ఆ కొలతకే తయారైంది. వన్స్ మోర్ అంటే తెర మీద జమునకు వినబడదు. మా చిన్నప్పుడు కాలనీ గ్రౌండులో పరదా కట్టి పదహారు ఎం.ఎం. ప్రొజెక్టరు మీద సినిమాలు వేసేవారు. తులాభారం వేసిన రాత్రి, పాట అయిపోగానే కొందరు పెద్దమనుషులు నిజంగానే లేచి వన్స్ మోర్ అని అరిచారు. పిల్లలం నవ్వాము. ఆపరేటర్ ఊరుకుంటాడా, "రీలు ఎన్కకు తిప్పరాదు, కూసోండ్రి" అన్నాడు. ఆ అరిచినవాళ్ళు కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి, ఖమ్మం నుంచి గనుల్లో పనికి వచ్చినవాళ్ళు. ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం ఇట్లా గనులు తెరుచుకున్న కొద్దీ మనుషులు తరలివచ్చారు. వాళ్ళతో పాటు ట్రంకు పెట్టెల్లో నాటకం పుస్తకాలూ వచ్చాయి.

నవ్విన మాకు నాటకం తెలియదు. మాకు తెలిసినవి చిరుతల రామాయణం, ఒగ్గు కథ, ఊళ్ళో యక్షగానం. అవి ఆడటానికి వెనక సీను తెర అక్కర్లేదు, పక్క రెక్కలు అక్కర్లేదు. సీసపద్యాన్ని రాగం తీసి పావుగంట పాడటం మాకు కొత్త. సినిమా చూడకముందైతే జైపూర్ పల్లెల జనం ఆ పద్య నాటకం ముందు గంట కూడా కూర్చునేవారు కాదేమో. వాళ్ళను కూర్చోబెట్టే పని సినిమా చేసిపెట్టింది. మీరజాలగలడా అంటే ఎవరిదో, సత్యభామ ఎట్లా నడుస్తుందో, కాలు తగలగానే కృష్ణుడు ఏమంటాడో అంతా ముందే తెలిసిపోయింది. తెలిసిన కథను, తెలిసిన పాటను ఇప్పుడు కండ్ల ముందు మనుషులు ఆడతారట అంటే పోకుండా ఎట్లా ఉంటారు? ఆంధ్ర ప్రాంతంలో నాటకం సినిమాకు ప్రేక్షకుల్ని ఇచ్చింది. మన దగ్గర సినిమా నాటకానికి ప్రేక్షకుల్ని ఇచ్చింది.

ఇప్పుడు సారు పందిట్లోకి పోదాం. గణపతి నవరాత్రులకో, దసరా బోనసు వచ్చాకో తులాభారం పెట్టేవాళ్ళు. కృష్ణుడు ఓవర్‌మెన్ కావచ్చు, నారదుడు బడిపంతులు, నవ్వించే వసంతకుడు క్యాంటీన్‌లో చాయ్ పోసే అతను. ఆడవేషాలకు బయటి నుంచి ఆర్టిస్టులను పిలిపించేవారు. డ్రెస్సులు, కిరీటాలు అద్దెకు. ఆట పది గంటలకు అంటారు, పదిన్నరకు గానీ తెర లేవదు. రెండో షిఫ్టు వాళ్ళు బాయిలోనుంచి పైకి వచ్చేసరికి పదకొండు. ముఖం మీద నీళ్ళు కొట్టుకుని, సైకిల్ తొక్కి పందిరి చేరేసరికి ఇంకో ముప్పావు గంట. వాళ్ళు వచ్చేదాకా మీరజాలగలడా పాట పాడనియ్యకూడదని మనకు ఒక రాయని నియమం. సారు దాన్ని హార్మోనియంతోనే నడిపించేవాడు. ముందు సీనులో నారదుడి పద్యాలకు రాగం సాగదీసేవాడు, వసంతకుడికి సైగ చేసి ఇంకో రెండు జోకులు వేయించేవాడు. సైకిళ్ళ బెల్లులు వినబడగానే సత్యభామ సీను. చీకట్లో ఎవరో "పాట అయిందా?" అంటే, ఎవరో "ఇంకా కాలే, రా, కూసో" అనేవారు. ఒక్క నైట్ షిఫ్టు వాళ్ళ పాపమే పాపం. వాళ్ళ కోసం ఏమీ చెయ్యలేకపోయాం.

పాట మొదలయ్యేది. వచ్చిన ఆర్టిస్టు స్థానాన్ని చూడలేదు, చూసే వయసూ కాదు. ఆమె నేర్చుకున్నది సుశీల రికార్డు విని, నడక నేర్చుకున్నది జమునను చూసి. సుశీల ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే ఊపిరి తీసుకునేది. రికార్డులో వయొలిన్లు వచ్చేచోట సారు ఆ బిట్టు పెట్టె మీద వాయించేవాడు, తబలా అతను సినిమా దరువే వేసేవాడు. అప్పటికి అది అచ్చంగా సినిమా పాటే. పాట అయ్యేది. వన్స్ మోర్! రెండోసారి ఆమె ఏం చెయ్యాలి? రికార్డులో రెండోసారి లేదు. సుశీల నేర్పలేదు, జమున చూపలేదు. అక్కడి నుంచి ఆమెకు ఆమే దిక్కు. సారు శ్రుతి పట్టి, లయ తగ్గించి ఆమెకు దారి ఇచ్చేవాడు. కొందరు అదే పాడి ఊరుకునేవారు. కొందరు మాత్రం ఆ రెండోసారి చెంగు సర్దుకుని, నిదానంగా, ముందు వరస ఆడవాళ్ళను చూస్తూ, వాళ్ళ ఇంటి సంగతేదో చెబుతున్నట్టు పాడేవారు. ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. స్థానం వదిలిన చోటికి, స్థానం పేరు కూడా తెలియని ఒక కూలి ఆర్టిస్టు, సినిమా మీదుగా చుట్టు తిరిగి చేరుకునేది. నాటకాన్ని సినిమా మింగిందన్నవాళ్ళకు సారు వేసిన ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది.

సత్యభామ కాలు సంగతి. తిమ్మన కావ్యంలోనే ఉంది, సినిమాలోనూ ఉంది. అలిగిన భామ కాలు కృష్ణుడి తల మీద పడుతుంది. ఆయన నీ పాదం కందిందేమో అని బుజ్జగిస్తాడు. మన కృష్ణుడు ఓవర్‌మెన్ అని చెప్పానుగా. పొద్దున బాయిలో గదిమిన మనిషి, రాత్రి పందిట్లో తన్ను తింటుంటే, ఆయన కింద పనిచేసేవాళ్ళు వన్స్ మోర్ కొట్టకుండా ఉంటారా! ఈ వన్స్ మోర్ మాత్రం సారు మన్నించేవాడు కాదు. "దేవుడు ఒక్కపారి తింటడు, రెండోపారి ఓవర్‌మెన్ తింటడు, గది నాటకం కాదు" అనేవాడు. ఇంతకంటె సూటిగా చెప్పిన విమర్శకుణ్ణి నేను చదవలేదు.

తక్కెడ సీను కూడా చెప్పి తీరాలి. సినిమాలో ఒక పళ్ళెంలో రామారావు, ఇంకో పళ్ళెంలో బంగారం. తులసిదళం పడగానే తూగుతుంది. చక్కగా ఉంటుంది. కానీ కెమెరా ఏదైనా చెయ్యగలదని తెలిసినవాడికి అందులో ఆశ్చర్యం లేదు. మన పందిట్లో వెదురు బొంగు, మోకు, ఎక్కడి నుంచో తెచ్చిన బల్లచెక్కలు. తెర వెనక ఇద్దరు కుర్రాళ్ళు మోకు పట్టుకుని నిలబడేవారు, తెర కింద వాళ్ళ కాళ్ళు అందరికీ కనిపించేవి. చూసేవాళ్ళు ఎవరు? బొగ్గు టబ్బులు నింపి, టబ్బుల లెక్కన కూలి తీసుకున్న ఫిల్లర్లు. కాటా అంటే ఏమిటో, తూకం ఎక్కడ మొగ్గుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సత్యభామ నగలు పోస్తుంటే "కాటా మీద ఎవడున్నడు?" అని కేకలు, "మోకు వట్టిన పోరని మీద" అని జవాబులు. అంత నవ్వు నవ్వినవాళ్ళే, రుక్మిణి తులసిదళం వేసి మోకు జారగానే చేతులు జోడించేవాళ్ళు. మోకు కనిపిస్తూనే ఉంది, పోరగాళ్ళ కాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా దండం పెట్టారు. ఈ ఒక్క సీనులో నాటకమే గెలిచిందని నా తీర్పు. రామానాయుడు గారు ఎంత డబ్బు పోసినా ఆ మోకు సంపాదించలేకపోయారు.

రుక్మిణి గురించి ఒక మాట. కథ న్యాయం అంతా ఆమె పక్షం. చివరి సీను ఆమెది, గెలుపు ఆమెది. కానీ గోడ మీద బొమ్మ సత్యభామది. ఆర్టిస్టుల పారితోషికంలో కూడా సత్యభామకే ఎక్కువ. అంజలీదేవి అంత గొప్ప నటి ఆ సినిమాలో ఉందని కొందరికి గుర్తు చెయ్యాలి. నాటకకర్త ఓడించిన మనిషిని జనం గెలిపించుకున్నారు. స్థానం పాట రాయకపోతే ఇది జరిగేదా అంటే, జరిగేది కాదనే అంటాను. అణకువ నేర్పే కథలో ఒక నటుడు ధీమా తెచ్చి పెట్టాడు. అణకువను జనం మర్చిపోయారు, ధీమా మిగిలింది.

ఇప్పటి సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. పన్నెండు వందల మెగావాట్ల థర్మల్ ప్లాంటు వచ్చాక జైపూర్ మారిపోయింది. పెగడపల్లి దిక్కు చూస్తే పొగగొట్టాలే ముందు కనిపిస్తాయి. భూగర్భ గనులు తగ్గాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తట్ట, చెమ్మస్ పట్టిన ఫిల్లర్లు రిటైరైపోయారు. వర్క్‌పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పోటీల్లో నాటికలు ఇప్పటికీ ఆడుతున్నారు, అది సంతోషం. కానీ అరగంట నాటికలో వన్స్ మోర్‌కు చోటు లేదు. పెట్టె పోయి కీబోర్డు వచ్చింది. మీరజాలగలడా ఫోన్లలో తిరుగుతోంది, అరనిమిషం ముక్కగా. దాని మీద నాకు కోపం లేదు. ఒకప్పుడు మూడు నిమిషాల ముక్క నుంచి మనవాళ్ళు రాత్రంతా ఆడే ఆటను అల్లుకున్నారు కదా.

సారు వాళ్ళ ఇంట్లో ఒక నోటుపుస్తకం ఉంది. తులాభారం మొత్తం చేత్తో రాసుకున్నది. పిల్లలు నాకు చూపించారు. నాటకం పుస్తకంలోని పద్యాలు నల్ల సిరాతో, సినిమా నుంచి తెచ్చుకున్న పాటలు, బిట్లు ఎర్ర సిరాతో. మీరజాలగలడా కూడా ఎర్ర సిరాలోనే ఉంది, దాని కింద మాత్రం పెన్సిలుతో గుర్తులున్నాయి. రెండోసారికి లయ ఎంత తగ్గించాలి, మూడోసారి ఏ చరణం నుంచి ఎత్తుకోవాలి, ఏ ఆర్టిస్టుకు ఊపిరి ఎక్కడ తక్కువవుతుంది, అన్నీ. ఒక పక్కన "ఈమె రెండోసారికి మంచిగ పాడుతది, ఆపొద్దు" అని రాసి ఉంది. దాన్ని స్కాన్ చేయించి లైబ్రరీలో పెట్టిద్దామని వాళ్ళ అబ్బాయిని అడిగాను, ఒప్పుకున్నాడు. ఖర్చు పెద్దగా ఏమీ కాదు, ఈ సభలో నలుగురు తలా కొంత వేసుకుంటే అయిపోతుంది.

ఇంకో పని. ఈ దసరాకు తులాభారం మొత్తం కాకపోయినా నాలుగు సీన్లు ఆడాలని మన పాత టీం అనుకుంటున్నది. కృష్ణుడు దొరికాడు. తబలా ఉంది, కీబోర్డు పిల్లవాడు పెట్టె నేర్చుకుంటానంటున్నాడు. మోకు పట్టడానికి కావలసినంత మంది ఉన్నారు. సత్యభామే దొరకలేదు. వయసు పట్టింపు లేదు, ఆడా మగా అన్న పట్టింపు అంతకంటె లేదు. పాట వచ్చి ఉండాలి, రెండోసారి అడిగితే బెదరకూడదు. చాయ్ తాగేటప్పుడు నాకు కనిపించండి.